నీడలకు కదలిక నేర్పిన రైనిగర్, ఒక గది కోసం ఎదురుచూస్తున్న మన తోలుబొమ్మలు

రాష్ట్ర సాంస్కృతిక, సినిమాటోగ్రఫీ శాఖల మంత్రివర్యులకు,

నమస్కారం. నేను గుంటూరులో పిల్లలకు చిత్రలేఖనం నేర్పే ఉపాధ్యాయురాలిని. యానిమేషన్ పేరుతో మీ ముందుకు వచ్చే దస్త్రాల్లో పెద్ద స్టూడియోలు, కంప్యూటర్లు, భూముల కేటాయింపులు ఉంటాయి. నేను అడిగేది చాలా చిన్నది. విజయవాడలోనో గుంటూరులోనో ఒక గది, అందులో ఒక గాజుబల్ల, దాని పక్కన గురువుగా కూర్చునే తోలుబొమ్మల కళాకారులకు నెలనెలా జీతం. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ముందు నీడబొమ్మలతో సినిమాలు తీసిన జర్మన్ కళాకారిణి లొట్టె రైనిగర్ గురించి చెప్పాలి.

ఆమె 1899 జూన్ 2న, అప్పట్లో బెర్లిన్‌ను ఆనుకొని ఉన్న షార్లొటెన్‌బర్గ్‌లో పుట్టారు. చిన్ననాటి నుంచే నల్ల కాగితాన్ని కత్తిరించి మనుషులనూ జంతువులనూ చేసేవారు, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి నీడల నాటకాలు ఆడించేవారు. నటన నేర్చుకోవడానికి మాక్స్ రైన్‌హార్ట్ నాటకశాలలో చేరాక, వేదిక మీది నటులను చూస్తూ వారి నీడబొమ్మలు కత్తిరించడం మొదలుపెట్టారు. ఆ పనితనం గమనించిన దర్శకుడు పాల్ వెగెనర్ 1918లో తన సినిమాలో మాటలు రాసి చూపే అక్షర ఫలకాలకు బొమ్మలు చేయమన్నారు. మరుసటి ఏడాదే, ఇరవయ్యేళ్ల వయసులో, ఆమె తన తొలి నీడచిత్రం తీశారు.

జర్మనీలో డబ్బు విలువ కుప్పకూలిన రోజుల్లో లూయీ హాగెన్ అనే బ్యాంకరు తన సొమ్మును ముడి ఫిల్ము కొనడానికి పెట్టారు. ఆ ఫిల్ముతో పూర్తి నిడివి చిత్రం తీయమని రైనిగర్‌ను అడిగి, పోట్స్‌డామ్‌లో తన గ్యారేజీ పైన చోటిచ్చారు. ఆమె, భర్త కార్ల్ కోఖ్, ఇంకా కొద్దిమంది కలిసి 1923 నుంచి 1926 దాకా అక్కడే పనిచేశారు. అరేబియన్ నైట్స్ కథల నుంచి అల్లిన రాకుమారుడు అహ్మద్ సాహసాల చిత్రం అలా తయారైంది. 1926 మే 2న బెర్లిన్‌లో దాన్ని మొదటిసారి చూపారు. డిస్నీ వారి స్నో వైట్ రావడానికి అప్పటికి ఇంకా పదకొండేళ్లుంది. అర్జెంటీనాలో అంతకుముందే ఒక చిత్రం తీశారు గానీ అది దొరకడం లేదు. నేటికి మిగిలిన పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాల్లో రైనిగర్‌దే అన్నిటికన్నా పాతది.

దాన్ని ఎలా తీశారో ఒక్కసారి వినండి. నల్ల అట్టనూ పలుచని సీసపు రేకునూ కత్తిరించి తల, చేయి, మోచేయి, మోకాలు వేర్వేరుగా చేసి సన్నని తీగతో కీళ్లు కలిపేవారు. గాజుబల్ల కింద దీపం, పైన నేలచూపుగా కెమెరా. బొమ్మను వెంట్రుకవాసి జరిపి ఒక ఫొటో, మళ్లీ జరిపి మరొకటి. నేటి సినిమా లెక్కన ఒక్క సెకను కదలికకు ఇరవై నాలుగు ఫొటోలు కావాలి.

కీళ్లున్న బొమ్మ, వెనుక దీపం, ముందు తెర. నరసరావుపేట వైపు తోలుబొమ్మలు చేసే కుటుంబాలకు ఇందులో కొత్తదేముంది? పదును పెట్టిన తోలును ముక్కలుగా కోసి దారంతో కట్టి, వెదురు బద్దకు బిగించి, తెల్లని తెర వెనుక ఆముదం దీపాల వెలుగులో సుందరకాండ ఆడించారు వాళ్ల తాతలు. రైనిగర్ బొమ్మలు కటిక నలుపు. మన తోలులోంచి వెలుగు సాగుతుంది గనుక తెర మీద రంగులు పండుతాయి. ఆమె తీసిన మూకీకి లేని పాట, మాట, మద్దెల మనకున్నాయి. మనకు లేనిది, ఆ కదలికను ఫిల్ము మీద పట్టి నిలిపే వసతి ఒక్కటే. ఆట తెల్లవారేసరికి ముగుస్తుంది, దానితోపాటే ఆ రాత్రి చేతులు చూపిన నేర్పూ పోతుంది.

కదిలే కథను బొమ్మల్లో చెప్పడం ఈ కృష్ణా తీరానికి పాత విద్య అని కూడా మనవి చేయాలి. అమరావతి స్తూపం ఫలకాల్లో ఒకదాని మీద బుద్ధుని కథలోని నలగిరి ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకచోట మదమెక్కి జనాన్ని తొక్కుతూ, పక్కనే బుద్ధుని పాదాల ముందు మోకరిల్లి. ముందు ఏం జరిగిందో తరువాత ఏం జరిగిందో ఆ శిల్పి ఒకే రాతిలో చూపాడు. ఆ ఫలకం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

రైనిగర్ తరువాతి జీవితం సుఖంగా సాగలేదు. హిట్లర్ వచ్చాక ఆమె, భర్త దేశం విడిచారు. ఎక్కడా స్థిరంగా ఉండే అనుమతి దొరకక ఏళ్లపాటు దేశాలు మారారు. తల్లికి జబ్బు చేయడంతో యుద్ధం ముగియకముందే బెర్లిన్‌కు తిరిగి వెళ్లారు. ఆ యుద్ధంలోనే అహ్మద్ చిత్రం అసలు నెగెటివ్ నాశనమైంది. వేరే దేశంలో మిగిలిన ఒక కాపీ ఆధారంగా దాన్ని తరువాత పునరుద్ధరించారు. 1949లో లండన్ చేరి టెలివిజన్ కోసం పిల్లల కథలెన్నో నీడచిత్రాలుగా తీశారు. వాటిలో ఒకదానికి 1955లో వెనిస్‌లో బహుమతి వచ్చింది. 1963లో భర్త పోయాక చాలాకాలం పని ఆపేశారు. పుట్టిన దేశం ఆమెను పెద్ద పురస్కారంతో గౌరవించింది 1972లో, డెబ్బై దాటిన వయసులో. అయినా మళ్లీ కత్తెర పట్టి, 1981లో కన్నుమూసే ముందు కెనడాలో కూడా చిత్రాలు తీశారు.

నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు నేను ఎంతో సంతోషించాను. కానీ శాలువాలు, పురస్కారాలు జీవితం చివరి భాగంలో వస్తాయి. శిష్యులు కావలసింది చేయి ఇంకా వణకని రోజుల్లో.

నా దగ్గర బొమ్మలు బాగా వేసే పిల్లలు పదో తరగతితో చాలావరకు ఆపేస్తారు. యానిమేషన్ కోర్సుల ఫీజు వాళ్ల ఇళ్లలో కట్టలేరు. అప్పు చేసి చేరినవాళ్లకు నేర్పేది సాఫ్ట్‌వేర్‌లో ఏ మీట ఎక్కడుందో. హనుమంతుడి అడుగుకూ రావణుడి అడుగుకూ తేడా ఎలా చూపాలో, తల ఎంత వంచితే దుఃఖమో, ఎంత వంచితే కపటమో అక్కడ ఎవరు చెబుతారు? అది తోలుబొమ్మ ఆడించేవారి వేళ్లకు తెలుసు. 2022 కేంద్ర బడ్జెట్‌లోనే యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక కార్యదళం ప్రకటించారు. ఆ మాట మన జిల్లాలకు చేరేటప్పటికి అందులో ఈ కుటుంబాలకు చోటుండాలి.

అయ్యా, 2026తో అహ్మద్ చిత్రానికి నూరేళ్లు. హక్కుదారుల అనుమతితో దాన్ని విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ప్రదర్శించండి. మూకీ చిత్రం కనుక మన మద్దెల, తాళాలే దానికి సంగీతం కావచ్చు. అదే తెర మీద, అదే సాయంత్రం, మన కళాకారులతో లక్ష్మణమూర్ఛ ఆడించండి. వారికి ప్రయాణం ఖర్చులు, పారితోషికం ముందుగా ఇప్పించండి. సన్మానం పేరు చెప్పి ఉత్త చేతులతో పంపడం వాళ్లకు కొత్త కాదు.

ఆ తరువాత గది. ప్రభుత్వ పాఠశాలల పిల్లలు సెలవు రోజుల్లో వచ్చి నేర్చుకునేలా, చదువు ముగించినవారు ఏడాదికి ఒక చిన్న చిత్రమైనా తీసేలా. గాజుబల్ల, దీపం, ఒక మంచి కెమెరా, ఫొటోలను వరుసగా కలిపే ఒక కంప్యూటర్ చాలు. ఖర్చులో పెద్దభాగం గురువుల జీతమే కావాలి, అది ఆగకుండా అందాలి. మీ శాఖ అధికారులు పిలిస్తే నేనూ, నాతోపాటు చిత్రలేఖనం నేర్పే మరికొందరూ వచ్చి అంచనాలు తయారుచేయడానికి సాయపడతాం. ఆ సమావేశానికి తోలుబొమ్మల కుటుంబాల వారిని కూడా తప్పక పిలవండి, అందులో బొమ్మలకు గొంతు ఇచ్చే ఆడవాళ్లు కూడా ఉండాలి.

ఇట్లు,
చిత్రలేఖన ఉపాధ్యాయురాలు,
గుంటూరు