ఏటీఎం దగ్గరి సెక్యూరిటీ అన్నకు

మొన్న రాత్రి కూకట్‌పల్లిలో ఏటీఎం బయట ఇద్దరు మా తమ్ముణ్ని కింద పడేసి తన్నుతుంటే, కుర్చీ వదిలి లేచొచ్చారు మీరు. చేతిలో ఉన్నది టార్చిలైటు, మెడలో ఈల, అంతే. ఈల ఊదుతూనే 112కు ఫోన్ చేశారట. వాళ్లు బండెక్కి పారిపోయేదాకా తమ్ముడికి అడ్డంగా నిలబడ్డారట.

"మిషన్ కాపలాకే నీకు జీతం" అని మీ సూపర్‌వైజర్ కసిరాడని టీకొట్టాయన చెప్పాడు. నిజమే, గార్డుకు పోలీసు అధికారాలేమీ ఉండవు. కానీ దెబ్బలు తింటున్నవాణ్ని కాపాడే హక్కు భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్ ప్రకారం ఎవరికైనా ఉంది. మీరు ఈల ఊది ఆగిపోయినా తప్పుపట్టేవాళ్లం కాదు. ఆ జీతానికి అంతకన్నా ఏం అడగగలం?

తమ్ముడు కోలుకుంటున్నాడు. మీ పేరడగలేదని ఒకటే బాధ. అన్నా, మీకు దండం. ఆదివారం అమ్మ గారెలు పట్టుకుని అక్కడికే వస్తుంది.