సర్వర్ తాళాలు ఇచ్చాకే టాటా చెప్పు

ఒరేయ్ శీనూ,

నువ్వు నడిపే మైన్‌క్రాఫ్ట్ (బ్లాకులతో లోకం కట్టుకునే ఆట) సర్వర్‌ని నెలాఖరుకి వదిలేస్తానని, గ్రూపులో నాలుగు ముక్కలు రాసి బయటికి వచ్చేస్తానని అన్నావు కదా. వదిలెయ్, తప్పేముంది. ఉయ్యాల్లో పాపని పెట్టుకుని అర్ధరాత్రి ఆటలోని క్రీపర్ రాక్షసులతో కుస్తీ ఎవడు పడతాడు? కానీ ఆ నాలుగు ముక్కలు ఇప్పుడే పోస్టు చెయ్యకు. నీ చేతిలో ఉన్నవన్నీ ముందు ఇంకొకడి చేతిలో పెట్టు, తర్వాతే టాటా. తిరగేసి చేశావంటే మొదటి వారమంతా కన్నీళ్ల ఎమోజీలు. ఆ తర్వాత నీ కార్డు గడువు తీరి డబ్బు కట్ కాదు, హోస్టింగ్ వాళ్లు సర్వర్ ఆపుతారు, ఇంకొన్నాళ్లకి ఫైళ్లు తుడిచేస్తారు. హెచ్చరిక మెయిళ్లన్నీ నీకే వస్తాయి. నువ్వేమో అప్పటికి ఆ మెయిల్ తెరవడం మానేసి ఉంటావు.

మీ గ్రూపు కబుర్లు నడిచే డిస్కార్డ్ యాప్‌తో మొదలుపెట్టు, అది తేలిక. ఓనర్‌గా ఉన్నంతకాలం అక్కణ్ణుంచి బయటికి రానివ్వదు. సర్వర్ సెట్టింగ్స్‌లో మెంబర్స్ పేజీ తెరిచి, నువ్వు అనుకున్నవాడి పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే ట్రాన్స్‌ఫర్ ఓనర్‌షిప్ కనిపిస్తుంది. ఒకసారి ఇచ్చాక నీ అంతట నువ్వు వెనక్కి తీసుకోలేవు, వాడే తిరిగివ్వాలి. కాబట్టి కత్తి బాగా తిప్పేవాణ్ణి చూసి మురిసిపోకు. రోజూ మెసేజ్‌లు చూసేవాడు, గొడవైతే ఇద్దరి మాటా వినేవాడు కావాలి. అలాంటివాడు గ్రూపులో ఎప్పుడూ కాస్త తక్కువగానే మాట్లాడతాడు, వెతుక్కో.

ఓనర్‌షిప్ ఇస్తే బాట్ (గ్రూపులో తనంతట తానే జవాబులిచ్చే ప్రోగ్రామ్) కూడా వాడికే పోతుందనుకునేవు. పోదు. అది నీ డెవలపర్ అకౌంట్ కింద ఉంది, నీ మెషీన్ మీద నడుస్తోంది. నువ్వు మెషీన్ ఆపిన క్షణం కొత్తవాళ్లకి స్వాగతం చెప్పే దిక్కుండదు. కోడ్ వాడికి ఇచ్చి, వాడి అకౌంట్‌లో కొత్త బాట్, కొత్త టోకెన్ (బాట్‌కి పాస్‌వర్డ్ లాంటిది) చేయించు. నీ టోకెన్ మాత్రం ఎవరికీ ఇవ్వకు. ఇంకోటి, గ్రూపులో పెట్టిన ఫొటోల లింకులు కాపీ చేసి దాచుకోవడం దండగ. డిస్కార్డ్ ఫైల్ లింకులు బయట వాడితే దాదాపు ఒక్క రోజులో చచ్చిపోతాయి. ఫొటోలనే దించుకోవాలి. నీ అకౌంట్ కూడా డిలీట్ చెయ్యకు. మెసేజ్‌లు ఉంటాయి కానీ నీ పేరు బదులు ‘డిలీటెడ్ యూజర్’ అని పడుతుంది. రెడ్‌స్టోన్‌తో (ఆటలో కరెంటు లాంటిది) తెరుచుకునే తలుపు గురించి నువ్వు రాసినదంతా ఎవరో అనామకుడు చెప్పినట్టు అయిపోతుంది.

ఇక అసలు ఆస్తి, మీరంతా కట్టుకున్న వరల్డ్. సర్వర్ నడుస్తుండగా ఫోల్డర్ కాపీ చేస్తే కొన్ని ఫైళ్లు ముందటి క్షణానివి, కొన్ని తర్వాతవి వస్తాయి. తీరా తెరిస్తే పెట్టెల్లో సామాను మాయం, గోడల్లో కన్నాలు. కన్సోల్‌లో స్టాప్ కొట్టి, పూర్తిగా ఆగాకే కాపీ తియ్యి. వైట్‌లిస్ట్ (లోపలికి రానిచ్చేవాళ్ల జాబితా), బ్యాన్, ఆప్స్ (అధికారాలున్నవాళ్ల జాబితా) ఫైళ్లు, సర్వర్ ప్రాపర్టీస్, ప్లగిన్స్ ఫోల్డర్ కూడా తీసుకో. ఏ వెర్షన్ మీద నడిచిందో ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి పక్కనే పెట్టు. కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరిచిన వరల్డ్ పాతదానికి మళ్లీ సరిగ్గా దిగదు.

మీది పేపర్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ కాబట్టి నెదర్, ఎండ్ అనే మిగతా రెండు లోకాలు వేరే ఫోల్డర్లలో ఉన్నాయి. ఇంట్లో ఒంటరిగా ఆడుకుందామని ఎవడైనా మెయిన్ వరల్డ్ ఒక్కటే తీసుకెళ్తే, వాడికి నెదర్ మళ్లీ కొత్తగా పుడుతుంది, మీరు పరిచిన పట్టాలు ఒక్కటీ ఉండవు. నెదర్ ఫోల్డర్ లోపలున్న డిమ్-1ని, ఎండ్ ఫోల్డర్ లోపలున్న డిమ్1ని తీసి మెయిన్ వరల్డ్ ఫోల్డర్‌లో పెడితే సరిపోతుంది.

వరల్డ్ మొత్తం బరువనిపించి, ఎవరైనా తన ఇల్లున్న ముక్క మాత్రమే అడగొచ్చు. వరల్డ్‌ని ముక్కలుగా దాచే ఒక్కో రీజియన్ ఫైల్‌లో 512 బై 512 బ్లాకుల నేల ఉంటుంది. ఎఫ్3 నొక్కి ఎక్స్, జెడ్ అంకెలు చూసి 512తో భాగించి, కిందికి దించాలి. ఎక్స్ 1300 అయితే 2. జెడ్ మైనస్ 700 అయితే మైనస్ 1.37 వస్తుంది, దాన్ని మైనస్ 2 చెయ్యాలి. ఈ రెండంకెలే ఆ ఫైల్ పేరులో ఉంటాయి. ఇక్కడే అందరూ మైనస్ 1 తీసుకుని, పక్కవాడి పొలం దించుకుని, నా ఇల్లేదిరా అని ఏడుస్తారు.

కొత్త ఓనర్‌కి ఒక్క మాట గట్టిగా చెప్పు: ఆన్‌లైన్ మోడ్ (వచ్చినవాడు గేమ్ కొన్న అసలువాడేనా అని చూసే సెట్టింగ్) ముట్టుకోవద్దు. గేమ్ కొనని ఫ్రెండ్స్ కూడా రావాలని దాన్ని ఆపాడనుకో, ప్రతి ఆటగాడి యూయూఐడీ, అంటే గుర్తింపు నంబరు, మారిపోతుంది. జేబులు ఖాళీ, ఎండర్ చెస్ట్ (ఎవరి సామాను వాళ్లకే కనిపించే పెట్టె) ఖాళీ. పెంచుకున్న కుక్క కూడా యజమానిని గుర్తుపట్టదు, ఎందుకంటే దానికి తెలిసింది ఆ నంబరే. పైగా ఎవడైనా నీ పేరు పెట్టుకుని లోపలికి దూరొచ్చు.

సర్వర్ అడ్రస్‌గా వాడే డొమైన్‌ని, కొన్న కంపెనీలోనే (రిజిస్ట్రార్) కొత్త ఓనర్ అకౌంట్‌కి తోసెయ్. వేరే కంపెనీకి మారుస్తానంటే డాట్ కామ్‌ని కొన్న 60 రోజుల్లోపు కదలనివ్వరు. హోస్టింగ్ మారుతుంటే ఒకరోజు ముందే డీఎన్ఎస్‌లో (డొమైన్ పేరుకి ఐపీ చెప్పే చోటు) టీటీఎల్‌ని, అంటే పాత ఐపీని గుర్తుంచుకునే గడువుని, 300 సెకన్లకి దించు. లేకపోతే ఐపీ మార్చిన తర్వాత కూడా సగం మంది పాత ఖాళీ సర్వర్ తలుపు కొడుతుంటారు. హోస్టింగ్ ప్యానెల్ పాస్‌వర్డ్, ఆర్‌కాన్ (దూరం నుంచి సర్వర్‌కి ఆజ్ఞలిచ్చే దారి) పాస్‌వర్డ్ వాడి చేతే మార్పించు, నిన్ను ఆప్స్‌లోంచి తీయించుకో. రేపు ఎవడి కోటైనా పేలితే నీవైపు చూడరు.

ఇవన్నీ అయ్యాక, ఒక వారం గడువిచ్చి పోస్టు పెట్టు. వాట్సాప్ నంబర్లు ఇష్టమున్నవాళ్ల దగ్గర అప్పుడే తీసుకో. పబ్‌జీ గుర్తుందిగా? 2020 సెప్టెంబర్ 2న నిషేధం, అక్టోబర్ 30కి ఇక్కడ సర్వర్లు బంద్. ఆటలోని ఫ్రెండ్స్ లిస్టు తప్ప ఇంకేమీ లేని స్క్వాడ్లకి ఆ రోజుతో దారి మూసుకుపోయింది.

ఆఖరి కలయిక శనివారం రాత్రి 9:30కి పెట్టు. మన డల్లాస్ వాళ్లకి అప్పుడు ఉదయం 11, నవంబర్ మొదటి ఆదివారం దాటితే 10. డిస్కార్డ్‌లో ఈవెంట్‌గా పెడితే ఎవరి గడియారం ప్రకారం వాళ్లకి కనిపిస్తుంది. 2012లో సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ ఆట మూతపడబోతోందని తెలిసి ఆటగాళ్లు ఆ ఆటలోని అట్లాస్ పార్క్‌లో కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. మీకు కంపెనీ పెట్టిన గడువు లేదు కాబట్టి తీరిగ్గా చేసుకోవచ్చు. బ్యాకప్ మాత్రం పార్టీకి ముందే తియ్యి, ఎవడో ఒకడు టీఎన్‌టీ బాంబు తెస్తాడు, రాసిపెట్టుకో. గ్రూప్ ఫొటోకి ఆటలోని టైమ్ 12000కి పెడితే సూర్యాస్తమయం వస్తుంది, కానీ ఆ వెలుగు 50 సెకన్లే. పగలు-రాత్రి తిరగడాన్ని గేమ్‌రూల్ అనే ఆజ్ఞతో ముందే ఆపు. ఎఫ్1 నొక్కితే తెర మీది గీతలు పోతాయి, అప్పుడు ఫొటోకి ఎఫ్2.

సంతకాలకి సైన్ బోర్డులు పెడితే, రాశాక హనీకోంబ్‌తో (తేనెపట్టు) మైనం పుయ్యండి. లేకపోతే 1.20 వెర్షన్ నుంచి రైట్ క్లిక్‌తో ఎవరైనా దిద్దేయొచ్చు. నన్నడిగితే పుస్తకాలే మేలు. ఒక్కొక్కరూ ఒకటి రాసి సైన్ చేస్తే ఇక మారదు. చిజల్డ్ బుక్‌షెల్ఫ్ అనే అర ఒక్కోదానిలో ఆరు పడతాయి, మీ 18 మందికి మూడు చాలు. స్పాన్ (ఆటలోకి అడుగుపెట్టే చోటు) దగ్గరే పెట్టండి, కొత్తవాళ్లు మొదట చూసేది అదే.

పాపకి ముద్దులు. కొత్తవాడి పేరు మీద మొదటి బిల్లు పడి, కట్టినట్టు స్క్రీన్‌షాట్ నీకు పంపేదాకా, నీ కార్డు మాత్రం ప్యానెల్‌లోంచి తియ్యకు.

ఉంటా మరి,
నీ వాసు