నలుగురి కొలతను ఆరుతో గుణిస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

పండగ దగ్గర పడగానే పత్రికల్లో వంటల పేజీలు మొదలవుతాయి. ప్రతి వంటకం కిందా ‘నలుగురికి సరిపడా’ అని ఉంటుంది. పండగనాడు ఇంటికొచ్చేది మాత్రం పాతిక మంది. అమ్మానాన్నలకు సాయం చేద్దామని పిల్లలు ఆ కొలతల్ని ఆరుతో గుణించి పొయ్యి మీద పెడతారు. కూర పల్చనవుతుంది, అన్నం అడుగంటుతుంది, చివరికి అమ్మే వచ్చి సరిదిద్దుకోవాలి.

తేడా ఎక్కడ వస్తుందంటే, సరుకు ఆరింతలైనా బాణలి అడుగు వెడల్పు పెరగదు. రెండు ఉల్లిపాయలు వేగే బాణలిలో పన్నెండు వేస్తే అవి వేగవు, తమలోంచి ఊరిన నీళ్లలోనే ఉడుకుతాయి. రెండు బాణలిల్లో వేయించాలి, లేదా రెండు మూడు వాయిలుగా. నీళ్లదీ ఇదే తంతు. నీరు ఎంత ఆవిరవుతుందన్నది గిన్నె మూతి వెడల్పును బట్టి ఉంటుంది, కూర ఎంతుందన్న దాన్ని బట్టి కాదు. అందుకే గుణించగా వచ్చిన నీళ్లలో మూడింట రెండొంతులే ముందు పోయాలి. కావాలంటే తర్వాత మరిగే నీళ్లు కలుపుకోవచ్చు. ఉప్పూ కారమూ ముప్పావు వంతు వేసి ఆగండి, మిగతాది దించే ముందు రుచి చూసి వేసుకోవచ్చు. ఎక్కువైన ఉప్పును వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు.

అన్నమే ప్రధానమైన భోజనమైతే పెద్దవాళ్లకు తలకు 100 గ్రాముల బియ్యం, పిల్లలకు అందులో సగం లెక్క. 18 మంది పెద్దలు, ఆరుగురు పిల్లలంటే 2 కిలోల 100 గ్రాములు. ఉడికాక సుమారు 6 కిలోలవుతుంది. అంతా ఒకే లోతైన గిన్నెలో వండితే బరువుకి అడుగున మెత్తబడి, పైన పలుకు మిగులుతుంది. రెండు గిన్నెల్లో వండడమే మేలు. మాంసం ఎముకతో అయితే మనిషికి 250 గ్రాములు, ఎముక లేకుంటే 150. ఇక్కడే చాలామంది పొరబడతారు: నాలుగు కూరలుంటే నాలుగూ పాతిక మందికి సరిపడా వండేస్తారు. కూరలు ఎన్ని చేసినా పొట్ట అంతే ఉంటుంది. అన్నీ కలిపి మనిషికి 300 నుంచి 400 గ్రాములు చాలు.

గడ్డకట్టిన మాంసం ఫ్రిజ్‌లోనే కరగాలి. రెండు, రెండున్నర కిలోల ముక్కకు ఒక రోజంతా పడుతుంది. నాలుగైదు కిలోల ముక్కయితే రెండు రోజుల ముందే ఫ్రీజర్ నుంచి కింది అరలోకి దించాలి. రాత్రి మర్చిపోయి పొద్దున గట్టు మీద పెడితే పైన వెచ్చబడి సూక్ష్మజీవులు పెరుగుతాయి, లోపల మంచు ముక్కలాగే ఉంటుంది.

ముందురోజు వండి పెట్టుకునే వంటకాలకూ ఒక చిక్కుంది. పెద్ద గిన్నెడు కూర గట్టు మీద నడుమ దాకా చల్లారడానికి గంటలు పడుతుంది, ఆ గోరువెచ్చదనంలోనే చెడేది. రెండంగుళాల లోతు మించకుండా వెడల్పాటి పళ్లాల్లోకి సర్ది, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. అందుకు ఓ అర ముందే ఖాళీ చేసి ఉంచాలి. మర్నాడు వేడి చేసేటప్పుడు అంచుల్లో బుడగలొస్తే చాలదు, కలియబెడుతూ నడుమ కూడా కుతకుతలాడనివ్వాలి.

పొయ్యిల లెక్క వడ్డించే వేళ నుంచి వెనక్కి వేసుకోవాలి. భోజనం ఒంటిగంటకైతే అన్నం 12.40కి దిగాలి, అంటే 11.45కి ఎసరు పెట్టాలి. పెద్ద గిన్నెలో నీళ్లు మరగడానికే ఇరవై నిమిషాలు పోతాయి. వేడివేడిగా తినాల్సిన వేపుడు ఒక్కటే చాలు. రెండు పెట్టుకుంటే ఆఖరి అరగంటలో పొయ్యి కోసం కొట్లాటే.

ఇక సాయం సంగతి. ‘ఏమైనా చేయనా అమ్మా?’ అని అడగడం సాయం కాదు, పని పురమాయించే పని కూడా ఆమెకే అప్పగించడం. ఒక వంటకాన్ని పూర్తిగా మీ మీద వేసుకోండి: సరుకు తేవడం, తరగడం, వండడం, చివర్న ఆ గిన్నె తోమడం దాకా. అమ్మ చేతికొలతల్ని వారం ముందే ఒకసారి తూకం మీద పెట్టి రాసుకోండి. పది లీటర్ల నీళ్ల గిన్నె పది కిలోల పైమాటే, దాన్ని పెద్దవాళ్లతో ఎత్తించొద్దు. ఖాళీ గిన్నెను పొయ్యి మీద పెట్టి చెంబుతో నింపితే సరిపోతుంది. తరగడానికి కుర్చీ వేయండి. మధుమేహానికి మందులు వాడేవాళ్లయితే, అతిథులు ఎప్పుడొచ్చినా వాళ్లకు వేళకే కాస్త పెట్టండి. వండేవాళ్లు తినడం మర్చిపోయేది ఆ రోజే.

మీ పేజీలో చోటు తక్కువని తెలుసు. అయినా ప్రతి వంటకం కింద ‘ముందురోజు చేసుకోవచ్చు’ అనో, ‘వడ్డించే గంటలోనే చేయాలి’ అనో ఒక్క ముక్క వేయండి. వీలైతే పాతిక మందికి కొలత కూడా, గుణించింది కాదు, వండి చూసింది.

ఇట్లు
మీ వంటల పేజీ పాఠకురాలు