అర్జీతో పాటు అర్జీదారు పేరు కూడా కింది ఆఫీసుకు వెళ్లాలా?

సంపాదకులకు నమస్కారములు.

మా ఊరి చెరువులో రాత్రిపూట గ్రావెల్ తవ్వి టిప్పర్లలో తరలిస్తున్నారనీ, కట్ట మొదట్లోనే లోతుగా తవ్వుతున్నందువల్ల అక్టోబరు, నవంబరు వానలకు కట్ట తెగే ప్రమాదం ఉందనీ నిరుడు ఒక సోమవారం నేను కలెక్టరేటులో అర్జీ ఇచ్చాను. రసీదు కోసం ఆధార్ నంబరు, ఫోన్ నంబరు అడిగితే రాసిచ్చాను. గురువారం రాత్రి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "పెద్దాయనా, చెరువు మీద కాయితం పెట్టినారంట గదా, మాతో ఒక మాట చెప్పుంటే సరిపోయేది గదా" అని అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. మరునాడు టీ అంగడి దగ్గర తెలిసినవారొకరు తమ ఫోన్ తీసి చూపించారు. ఏదో వాట్సాప్ గ్రూపులో నా అర్జీ ఫొటో ఉంది. నా చేతిరాత, నా సంతకం, దాని కింద నా ఫోన్ నంబరు, ఆ నంబరు చుట్టూ ఎర్ర సిరాతో చుట్టిన సున్నా. నేను ఇచ్చినప్పుడు ఆ కాగితం మీద ఎర్ర సిరా లేదు.

నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా ఆ రోజు నుంచి ఇంట్లోవాళ్లు నన్ను ఒంటరిగా చెరువు వైపు పోనివ్వడం లేదు. పింఛను మీద బతుకుతూ ఎవరికీ జవాబుదారీ కాని నాకే ఇంత జంకు ఉంటే, ఒక కార్యాలయంలో పనిచేస్తూ ఏ బిల్లు నిజమో ఏ బిల్లు దొంగదో కళ్లారా చూస్తున్న గుమాస్తా ఎట్లా నోరు విప్పగలడు?

నేను 34 ఏళ్లు తపాలా శాఖలో పనిచేసినవాణ్ణి. చిరిగిన కవరు చేతికి వస్తే, చిరిగిన స్థితిలోనే అందిందని దాని మీద రాసి, అతికించి, సంతకం పెట్టి పంపేవాళ్లం. ఒకరి ఉత్తరం మరొకరు చూడకూడదన్నది మాకు ఉద్యోగ ధర్మం. 1986లో ఉత్తరాలను విప్పి చూసేందుకు ప్రభుత్వానికి విస్తృత అధికారమిచ్చే తపాలా సవరణ బిల్లును పార్లమెంటు ఆమోదించినప్పుడు రాష్ట్రపతి జైల్ సింగ్ సంతకం పెట్టకుండా తన దగ్గరే ఉంచుకున్నారు. అది చట్టం కాలేదు. తపాలాలో వచ్చే దేనినైనా ఆపి తెరిచే అధికారం మాత్రం 2023 నాటి పోస్టాఫీసు చట్టం తొమ్మిదో సెక్షన్‌లో ఉంది. ఆ అధికారాన్ని అదుపులో పెట్టే పద్ధతి ఏదీ ఆ చట్టంలో రాయలేదు. ఫోన్ సంభాషణలను ప్రభుత్వం చాటుగా వినే విషయంలో 1996లో సుప్రీంకోర్టు హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు ఉండాలనీ, సమీక్షా సంఘం ఉండాలనీ కొన్ని కట్టుబాట్లు పెట్టింది కానీ, సమీక్షించేవారు కూడా ప్రభుత్వ అధికారులే. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పిన తరువాత కూడా ఈ ఏర్పాటు మారలేదు.

ఇక ప్రభుత్వాన్ని మనం చూసే కిటికీ సంగతి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం గురించిన 8(1)(జె) క్లాజును మార్చివేసింది, ఆ మార్పు 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. మునుపు వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో అర్జీని తిప్పి పంపవచ్చు. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చనే 8(2) సెక్షన్ ఇంకా ఉంది కదా అని ప్రభుత్వం అంటోంది. నిజమే, కానీ అందులో ప్రజా ప్రయోజనాన్ని తూచేది సమాచారం తన గుప్పిట్లో ఉంచుకున్న కార్యాలయమే. చెరువు మట్టికి అనుమతి ఎవరి పేరు మీద ఇచ్చారని అడిగితే ఆ పేరు వ్యక్తిగతమవుతుందేమో, నా ఫోన్ నంబరు మాత్రం ఊరంతా తిరిగింది.

మా కావలి మీదుగా పోయే చెన్నై–కోల్‌కతా రహదారి, ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రహదారుల పథకంలో భాగం. ఆ పథకంలోనే బిహార్ వైపు పనిచేసిన యువ ఇంజనీరు సత్యేంద్ర దూబే అక్రమాల గురించి 2002లో ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాస్తూ, తన పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి చేతులు మారింది. 2003 నవంబరు 27న గయలో ఆయనను కాల్చి చంపారు. దోపిడీ కోసమే చంపారని సీబీఐ తేల్చింది; సరే, పేరు దాచమన్న మనిషి పేరు ఎందుకు దాచలేదన్న ప్రశ్న అట్లాగే ఉంది. ఆ మరణం తరువాతనే 2004లో, కేంద్ర ప్రభుత్వంలో అవినీతి మీద నిఘా పెట్టే కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు వచ్చింది. పంపేవారి పేరు కవరు మీద రాయనక్కరలేదు. కానీ అది కేంద్ర ప్రభుత్వ శాఖలకు, సంస్థలకు మాత్రమే. మా చెరువుకు వర్తించదు.

రాష్ట్రాలకు కూడా వర్తించేది 2014 నాటి ప్రజావేగుల (అంటే అక్రమాలను బయటపెట్టేవారి) రక్షణ చట్టం. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టిన వారికి మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా అని అందులో ఉంది. రాష్ట్రపతి ఆమోదం పొంది ఇన్నేళ్లయినా దానిని అమలు చేసే తేదీని కేంద్రం ప్రకటించలేదు. మన పార్లమెంటు సభ్యులు ఆ తేదీ ఎప్పుడని సభలో గట్టిగా అడగాలి.

అంతవరకు ఆగకుండా జిల్లాలోనే చేయగలిగినది ఒకటుంది. కలెక్టరేటులో అర్జీ తీసుకునేటప్పుడు విషయం ఒక కాగితం మీద, పేరూ ఫోన్ నంబరూ మరొక కాగితం మీద రాయించుకోవాలి. కింది ఆఫీసుకు మొదటి కాగితం, ఒక వరుస సంఖ్య మాత్రమే పంపాలి. రెండోది కలెక్టరేటులో బీరువాలో ఉండాలి. కంప్యూటరులో ఎక్కించిన అర్జీనైతే ఎవరు, ఏ రోజు తెరిచి చూశారో నమోదు కావాలి. ఎవరి మీద ఫిర్యాదో వారి ఆఫీసుకే విచారణ అప్పగించకూడదు. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు.

చెరువులో తవ్వకం ఆగలేదు. వచ్చే సోమవారం నేను మళ్లీ అర్జీ ఇవ్వబోతున్నాను. ఈసారి కవరులో రెండు కాగితాలు విడివిడిగా పెడుతున్నాను. అందుకునే అధికారి రెండోదానిని తమ వద్దనే ఉంచుకోవలసిందిగా మీ పత్రిక ద్వారా ముందుగానే కోరుతున్నాను.

- ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి, కావలి, నెల్లూరు జిల్లా