మాకు మిషన్ వద్దు, మిషన్ మీద టైం ఇప్పించండి

సంపాదకులకు నమస్కారం.

నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. ఇంట్లో తెలుగు, క్లాసులో ఒడియా, ఇంగ్లీషు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్రా. దేశంలో కొత్త సూపర్ కంప్యూటర్లు వస్తున్నాయన్న వార్తలు సంతోషంగానే చదువుతున్నాను. అయితే మా బోటి కాలేజీకి వాటి మీద ఒక్క గంట దొరకడం ఎంత కష్టమో ఎవరూ రాయడం లేదు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా వైపు కొండల్లో గాలి కంటే వాన ఎక్కువ నష్టం చేసింది. బరఘరలో కొండచరియ విరిగి, వానకు తలదాచుకున్నవాళ్ల మీదే పడింది. ఆ కొండల నీళ్లే వంశధారలో కలిసి శ్రీకాకుళం జిల్లా పొలాలను ముంచాయి. అప్పుడు పదో తరగతి చదువుతున్న ఒక కొండ ఊరి అమ్మాయి ఇప్పుడు నా దగ్గర ఎంఎస్సీ ప్రాజెక్టు చేస్తోంది. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: ఆ రోజు అంత వాన పడడానికి మహేంద్రగిరి ఎంతవరకు కారణం?

దీనికి జవాబు వెతికే పద్ధతి ఉంది. డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని, అంటే వాతావరణ మోడల్‌ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఆనాటి గాలులు, తేమ, ఉష్ణోగ్రతల డేటా కూడా ఉచితమే. మోడల్లో కొండను ఉంచి తుపానును ఒకసారి నడపాలి, కొండను తీసేసి ఇంకోసారి నడపాలి. రెండు వానల మధ్య తేడా చూడాలి. ఇందులో లేనిదల్లా లెక్క చేసే మిషనే.

మోడల్ మన ప్రాంతాన్ని గళ్ల నోటుబుక్కులా గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి లెక్క కడుతుంది. గడి 9 కిలోమీటర్లది అయితే 1,501 మీటర్ల మహేంద్రగిరి అందులో చదునైపోయి చిన్న దిబ్బలా మిగులుతుంది. కొండ కొండలా కనబడాలంటే గడి కనీసం 3 కిలోమీటర్లకు తగ్గాలి. అప్పుడు నిలువుగా మూడు రెట్లు, అడ్డంగా మూడు రెట్లు గళ్లు పెరుగుతాయి. గడి చిన్నదైతే కాలాన్ని కూడా మూడో వంతు అడుగులతో నడపాలి కాబట్టి మొత్తం లెక్క 27 రెట్లవుతుంది. ఒక పూటలో అయ్యే పని రెండు వారాలు పడుతుంది.

ఉన్నదాంతోనే చేద్దామని మొదలుపెట్టాం. 1994లో నాసాలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 మామూలు కంప్యూటర్లను ఈథర్‌నెట్‌తో కలిపి ఒకే మిషన్‌లా పనిచేయించారు. బేవుల్ఫ్ క్లస్టర్ అన్నది అదే. ఆ దారిలోనే మా ల్యాబ్‌లో రాత్రిళ్లు ఖాళీగా ఉండే ఎనిమిది పీసీలను కలిపి లినక్స్ వేశాం. మొదటి రన్ నడిచినరోజు పిల్లల ఆనందం చెప్పలేను. కానీ ప్రతి పీసీ తన గళ్ల అంచుల్లోని విలువలను పక్క పీసీకి అడుగడుగునా పంపుతూ ఉండాలి. ఊడుపుల్లో వరసలో ఒకరు వెనకబడితే మిగతావాళ్లు ఆగినట్టు, పీసీలను కలిపే మా పాత నెట్‌వర్క్ స్విచ్ దగ్గర ఎనిమిదీ ఆగిపోయేవి. అందుకే పెద్ద క్లస్టర్లలో ఇన్ఫినీబ్యాండ్ లాంటి చాలా వేగమైన నెట్‌వర్క్ పెడతారు. ఒకసారి పంతొమ్మిదో గంటలో కరెంటు పోయింది. మధ్యమధ్యలో రీస్టార్ట్ ఫైలు, అంటే ఆగినచోటి నుంచి మళ్లీ మొదలుపెట్టుకునే ఫైలు, రాయించుకోవాలని మాకు అప్పటికి తెలియదు. మొత్తం మొదటికొచ్చింది. ఆ అమ్మాయి ఆరోజు భోజనం చేయలేదు.

తర్వాత క్లౌడ్‌కి వెళ్లాం. ఒక విదేశీ కంపెనీ మిషన్‌ని నా క్రెడిట్ కార్డు మీద గంటల లెక్కన అద్దెకు తీసుకున్నాం. రన్ శనివారమే అయిపోయింది గానీ మిషన్ ఆపడం మరిచిపోయాం. సోమవారానికి పదకొండు వేల రూపాయల చిల్లర బిల్లు, అదీ డాలర్లలో కట్టాల్సినది. తప్పు మాదే. కానీ ఇంత ఖర్చయ్యాక దానంతట అదే ఆగిపోయేలా ఏర్పాటు లేని చోటికి మా పిల్లలు భయం లేకుండా ఎలా వెళ్తారు? కొన్నాళ్లు నాకూ అదే టెన్షన్.

ఇక మన దేశపు మిషన్లు. నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ అనే కేంద్ర పథకానికి 2015లో 4,500 కోట్ల రూపాయలతో ఆమోదం వచ్చింది. 2019లో వారణాసి ఐఐటీలో పరమ్ శివాయ్ అనే సూపర్ కంప్యూటర్‌తో మొదలై, ఐఐటీల్లో, ఐసర్లలో, ఎన్‌ఐటీల్లో మంచి మిషన్లు పెట్టారు. వాతావరణం కోసమే 2024లో పుణెలో అర్క, నోయిడాలో అరుణిక వచ్చాయి. అర్క మీదే ఇప్పుడు 6 కిలోమీటర్ల గడితో దేశమంతటికీ అంచనాలు లెక్కిస్తున్నారు. ఇవన్నీ గర్వపడాల్సిన పనులు. అయితే మేం ఒక పెద్ద సంస్థ మిషన్ మీద అకౌంటు అడిగితే, ఫారంలో ప్రాజెక్టు గ్రాంటు నంబరు రాయమన్నారు. మాకు గ్రాంటే లేదు. మూడు నెలల తర్వాత, బయటివాళ్లకు ఇప్పుడు ఇవ్వలేమని మెయిల్ వచ్చింది. ఇండియాఏఐ మిషన్ అనే కేంద్ర పథకం కింద జీపీయూలు (ఏఐ పనులకు ఎక్కువగా వాడే ప్రాసెసర్లు) చవకగా అద్దెకిస్తున్నారు, మంచిదే. కానీ మా వాతావరణ మోడల్, కెమిస్ట్రీవాళ్ల పాత కోడ్లు ఎక్కువగా మామూలు ప్రాసెసర్ల కోసం రాసినవి.

మాకు ఒక సూపర్ కంప్యూటర్ కొనివ్వమని నేను అడగడం లేదు. దానికి ఏసీ, జనరేటరు, రాత్రింబవళ్లు చూసుకునే మనిషి కావాలి. ఇవేవీ లేకపోతే ఐదేళ్లలో పాత సామానైపోతుంది. కావలసింది వేరే. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి 2024 నవంబర్‌లో ఆమోదం ఇచ్చి, మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించి, 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 జర్నళ్లు చదివే హక్కు ఇచ్చారు. చదివే హక్కు ఐఐటీ విద్యార్థికీ జిల్లా కాలేజీ విద్యార్థికీ ఒకటే అన్నారు. చదివినదాన్ని లెక్క కట్టి చూసే హక్కు మాత్రం ఇంకా ఒకటి కాలేదు. ప్రజల డబ్బుతో కొన్న ప్రతి మిషన్ మీద కొంత సమయాన్ని రాష్ట్ర యూనివర్సిటీలకు, వాటి కింది కాలేజీలకు విడిగా తీసి ఉంచాలి. చిన్న పనికి గ్రాంటు అడగకూడదు. ఒక పేజీ దరఖాస్తు, వారంలో జవాబు చాలు. క్లౌడ్ అయితే రూపాయల్లో, మంజూరైన గంటలు అయిపోగానే ఆగిపోయేలా ఇవ్వాలి.

దాంతోపాటు ఒక మనిషి కావాలి. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలకు కలిపి బరంపురంలో ఒక్కరుంటే చాలు. పెద్ద మిషన్ల మీద పనులను వరసలో పెట్టే స్లర్మ్ అనే ప్రోగ్రామ్ క్యూలో జాబ్ ఎలా పెట్టాలో, అది ఎందుకు ఆగిపోయిందో ఒడియాలోనో తెలుగులోనో చెప్పగలిగేవారు. ఇది డబ్బు కంటే ముఖ్యమని నా అనుభవం. కరెంటు పోయిన ఆ రాత్రి రీస్టార్ట్ ఫైలు సంగతి చెప్పేవాళ్లు ఒక్కరున్నా మాకు ఆ నష్టం జరిగేది కాదు.

ఈ సమయాన్ని రాష్ట్రాల వారీగా పంచకూడదని కూడా నా మనవి. వాన మా కొండల మీద పడుతుంది, వరద ఆంధ్రాలో వంశధార మీది గొట్టా బ్యారేజీ దగ్గర లేస్తుంది. పాతపట్నం పిల్లలు, మా పిల్లలు కలిసి ఒకే రన్ చేసుకోగలగాలి. నదికి ఇవతల ఒక పథకం, అవతల ఇంకో పథకం అయితే సగం కొండనే లెక్క కట్టాల్సి వస్తుంది. మా ఎంపీలు, శ్రీకాకుళం ఎంపీ ఈ మాట పార్లమెంటులో అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఆ అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు మేలో ఇవ్వాలి. కొండతో ఉన్న రన్ అయింది. కొండ లేని రన్‌కి మిషన్ కోసం చూస్తున్నాం.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా