మోకాళ్ళతో పట్టుకోమన్నావు కదా నాయనా

ఐండ్‌హోవెన్, నెదర్లాండ్స్,
ఆదివారం రాత్రి

అమ్మకు, నాయనకు,

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. పాపకు జలుబు తగ్గింది, బడికి పోతోంది. నాయన షుగర్ పరీక్షలో ఏమొచ్చిందో తమ్ముడు చెప్పనే లేదు. ఈసారి ఫోన్‌లో మీరైనా చెప్పండి. ఆఫీసు మామూలే. కొత్త ప్రాజెక్టు, కొత్త మేనేజరు, అంతే.

అమ్మా, బేస్తవారం నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లోనే కూర్చుండిపోయాను. మళ్ళీ చేస్తే మళ్ళీ ఏడుస్తావు, నేనూ గట్టిగా మాట్లాడతాను. అందుకే కాగితం మీద రాస్తున్నాను. నాయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివి వినిపిస్తాడు, చివరిదాకా విను. నాయనా, బళ్ళో చదివింది కన్నడం, ఆదివారాలు పెద్దబాలశిక్ష ముందేసుకుని నువ్వు నేర్పించింది తెలుగు. ఒత్తులు తప్పితే సరిచేసుకుని చదువు.

చిన్నత్త కూతురు మీకు చూపించిన ఫోటోలో ఉన్నది నేనే. హెల్మెట్టూ, మోకాళ్ళదాకా బూట్లూ, ఒళ్ళంతా ఇసుకా. దాన్ని మోటోక్రాస్ అంటారు, గుంతలూ మిట్టలూ ఉన్న మట్టి, ఇసుక ట్రాకుల మీద మోటార్‌సైకిల్ పందెం. రెండేళ్ళ నుంచి నడుపుతున్నాను. డబ్బు కోసం కాదు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళం, పిల్లలున్నవాళ్ళం శని, ఆదివారాల్లో చేసే పందేలివి.

ఇంకొకటి కూడా ఇప్పుడే చెప్పేస్తున్నాను. పోయిన అక్టోబర్‌లో పని ఎక్కువగా ఉంది, వీడియో కాల్ వద్దు అన్నాను చూడు, అది అబద్ధం. పందెంలో పడి ఎడమవైపు కాలర్‌బోన్ విరిగింది. ఆరు వారాలు చెయ్యి మెడకు కట్టుకుని తిరిగాను. మీ అల్లుడే పాపకు జడలు వేశాడు, వంటా అతనే చేశాడు. మీకు చెప్పొద్దని అతని చేత పాప మీద ఒట్టు వేయించుకున్నాను. ఇప్పుడు ఎముక పూర్తిగా అతుక్కుంది, తడిమితే చిన్న గడ్డలా తగులుతుంది, నొప్పి లేదు. ఇలా మీ దగ్గర దాచినందుకు మాత్రం రోజూ బాధగానే ఉంది.

ఆ రోజు ఏం జరిగిందో తెలిస్తే ఇప్పుడు నేను చేస్తున్నది మీకు అర్థమవుతుంది. పందెం 15 నిమిషాలు, ఆపైన ఒక చుట్టు. ఈ చుట్టుపక్కల ట్రాకులు చాలావరకు ఇసుకే. ఇక్కడికి అరగంట దూరంలో, సరిహద్దు దాటితే బెల్జియంలో లొమ్మెల్ అని ఉంది. ప్రపంచ చాంపియన్లు కూడా ప్రాక్టీసుకు అక్కడికి వస్తారు. అయిదుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన జెఫ్రీ హెర్లింగ్స్ పుట్టింది మా పక్కనే, గెల్‌డ్రోప్‌లో. ఇసుకలో అతన్ని మించినవాడు లేడంటారు. పది బండ్లు తిరిగాయంటే చాలు, నేలంతా గుంతలు, అలలు. యాక్సిలరేటర్ తగ్గిస్తే ముందు చక్రం దిగబడిపోతుంది. కాబట్టి ఎక్కడ భయం వేస్తుందో అక్కడే ఇంకాస్త తిప్పాలి. ఒళ్ళు వెనక్కి పెట్టి, ఫుట్‌రెస్టుల మీద నిలబడి, భారమంతా తొడల మీద మొయ్యాలి.

నాకు అప్పుడు తొడల్లో అంత బలం లేదు. మూడో నిమిషానికే సీటు మీద కూర్చున్నాను. కూర్చుంటే ప్రతి గుంతకూ బండి ఎగరేస్తుంది, పడిపోతామని హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుంటాం. గట్టిగా పట్టుకునే కొద్దీ మోచేతి కింది కండ ఉబ్బుతుంది. ఆ కండ చుట్టూ సంచిలాంటి పొర ఉంటుంది, అది సాగదు. లోపల రక్తం సరిగ్గా ఆడక చెయ్యి రాయిలా బిగుసుకుపోతుంది. ఆర్మ్ పంప్ అంటారు దాన్ని. ఆరో నిమిషంలో నా కుడిచేతి వేళ్ళు బ్రేకు నొక్కలేకపోయాయి. మలుపు ఎదురుగా కనిపిస్తూనే ఉంది, వేళ్ళు మాత్రం వంగలేదు.

నేను వేగంగా పోయి పడలేదమ్మా. అలిసిపోయి పడ్డాను.

అందుకే చెయ్యి కట్టు విప్పిన దగ్గర్నుంచి ఒళ్ళు గట్టి చేసుకునే పనిలో ఉన్నాను. చిక్కిపోయానని నువ్వు అంటున్నావు కానీ, తూకం కిలో పెరిగింది. ముఖం మాత్రం తగ్గింది.

ఇక్కడ నేర్పించే ఆయనకు అరవై దాటాయి. ఆయన మొదటి నెల నన్ను ట్రాకు మీదికే పోనివ్వలేదు. బండిని స్టాండు మీద నిలబెట్టి, ఫుట్‌రెస్టుల మీద నిలబడు, మోకాళ్ళతో ట్యాంకు నొక్కి పట్టుకో, చేతులు హ్యాండిల్ మీద పిట్ట వాలినంత తేలిగ్గా పెట్టు అన్నాడు. నాయనా, నాకు ఒక్కసారిగా నువ్వే గుర్తొచ్చావు. నాకు పదహారేళ్ళప్పుడు ఐటీఐ కాలనీ గ్రౌండ్‌లో యెజ్డీ బైకు నేర్పిస్తూ నువ్వన్నది ఇదే కదా. "చేతులతో కాదే, మోకాళ్ళతో పట్టుకో, చేతులు దారి చూపించడానికే" అని. అంతకు ముందు మదనపల్లెకు పోయేటప్పుడు ట్యాంకు మీద నన్ను కూర్చోబెట్టుకునేవాడివి. హొసకోట దాటి చింతామణి రోడ్డెక్కాక నీ మోకాళ్ళు రెండువైపులా నాకు గోడల్లా ఉండేవి. ఆ మోకాళ్ళకు బలం ఎక్కడిదని అప్పుడు అడగలేదు. షిఫ్టుకు రోజూ సైకిల్ తొక్కేవాడివి కదా, ఇప్పుడు తెలుస్తోంది.

అమ్మా, వారంలో నేను చేసేది ఇది. మంగళవారం రోయింగ్ మెషిన్, పడవ తెడ్డు వేసినట్టు లాగాలి. 500 మీటర్లు గట్టిగా లాగి, రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ. అలా ఆరుసార్లు. ట్రాకు మీద గుండె నిమిషానికి 180 దాకా పోయి అక్కడే ఉంటుంది, దిగదు. ఆ వేగంలో కూడా తల పనిచెయ్యాలి కదా, దానికి ఈ అలవాటు. బుధవారం బరువులు. నేల మీంచి ఎత్తేది 30 కిలోలతో మొదలుపెట్టి 75 దాకా వచ్చాను. బండి 105 కిలోలు, ఇసుకలో పడితే మనమే లేపుకోవాలి. తర్వాత రెండు చేతుల్లో చెరో 20 కిలోలు పట్టుకుని హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. కావేరి నీళ్ళు రాని రోజుల్లో వీధి చివర బోరు నుంచి నువ్వూ నేనూ బిందెలు మోశాం చూడు, అచ్చంగా అదే నడక. వాళ్ళు నాకు కొత్తగా నేర్పించాల్సిన పని లేకపోయింది.

శుక్రవారం గంటన్నర సైకిల్, మెల్లగా, గుండె 135 దాటకుండా. మొదట్లో ఇది దండగ అనుకున్నాను. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే. పొద్దున లేవగానే మంచం మీదే నాడి చూసుకుంటాను. నవంబర్‌లో నిమిషానికి 74 ఉండింది, ఇప్పుడు 58. ఏ రోజైనా 66, 68 ఉందంటే నిద్ర చాలలేదనో జ్వరం వస్తోందనో లెక్క. ఆ రోజు ఏదీ చెయ్యను, ట్రాకుకు అసలే పోను. శనివారం బండి. ఆదివారం పాపతో ఈత. సోమవారం ఏమీ లేదు. ప్రసవం తర్వాత నడుము నొప్పి అని ఎన్నేళ్ళు బాధపడ్డానో నీకు తెలుసు. ఈ నాలుగు నెలల్లో ఒక్కరోజు రాలేదు. నువ్వు పంపించిన నూనె సీసా అలాగే ఉంది.

తిండి విషయంలో దిగులు పడొద్దు. పందానికి మూడు గంటల ముందు రాగి సంగటి, పెరుగు. అందరూ డబ్బాల్లో పొడులు కలుపుకుని తాగుతుంటారు, నేను సంగటి ముద్ద తింటాను. కడుపులో బరువుగా ఉండదు, ఆకలీ వెయ్యదు. ఒకసారి ప్రాక్టీసుకు ముందూ తర్వాతా తూకం చూసుకుంటే కిలో తగ్గింది. అంతా చెమటే, బయట 12 డిగ్రీల చలిలో. అందుకే నిమ్మకాయ, ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు రెండు సీసాలు పెట్టుకుంటాను. ఇక్కడ ఇండియన్ షాపులో దొరికే రాగిపిండి బాగుండదు, పాతవాసన. మదనపల్లె నుంచి అత్త తెచ్చినప్పుడు ఒక రెండు కిలోలు పక్కన పెట్టు.

"బిడ్డను పెట్టుకుని ఇదేం పిచ్చి" అన్నావు. ఆ మాట నాకు గుచ్చుకుంది, దాచను. పాప నాకు గుర్తులేక కాదు ఇదంతా. పాప పుట్టిన తర్వాత అయిదేళ్ళు ఇల్లు, ఆఫీసు, చలికాలం నాలుగున్నరకే చీకటి. నాతో నేను మాట్లాడుకోవడం కూడా మానేశాను. మీకు ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడి, పెట్టేశాక ఏడ్చిన రోజులున్నాయి. ఇప్పుడు లేవు. పాప నా బూట్లు తనే బ్రష్ పెట్టి కడుగుతుంది. "అమ్మా, ఎన్ని పుషప్పులు?" అని పక్కన కూర్చుని లెక్క పెడుతుంది, తెలుగులో. ఇరవై దాటాక తప్పు చెప్పేది, ఇప్పుడు యాభైదాకా వచ్చు.

బైకు రేసర్ మన సి.ఎస్. సంతోష్ సంగతి కూడా ఎత్తావు. 2021 జనవరిలో సౌదీలో డాకార్ ర్యాలీలో పడితే డాక్టర్లు మందులిచ్చి కోమాలో ఉంచారు, టీవీలో నువ్వు చూశావు. నిజమే. ఆయన కోలుకుని ఇంటికి వచ్చిందీ నిజమే. 2015లో ఆ ర్యాలీ పూర్తిచేసిన మొదటి భారతీయుడు మన బెంగళూరువాడని నాయన పేపరు కత్తిరించి పెట్టింది కూడా నాకు గుర్తుంది. కానీ అమ్మా, అది ఎడారిలో రోజుకు వందల కిలోమీటర్లు, ఒంటరిగా. మాది మూసిన ట్రాకు, చుట్టుకు రెండు నిమిషాలు. జెండాలు పట్టుకున్న మనుషులు దారి పొడవునా ఉంటారు. ముందు ఎవరైనా పడితే పసుపు జెండా ఊపుతారు, అందరూ తగ్గించాలి, దాటకూడదు, ఎగరకూడదు. అంబులెన్స్ అక్కడే ఉంటుంది. ఛాతీకి, మెడకు, మోకాళ్ళకు అన్నిటికీ రక్షణ వేసుకుంటాను. ప్రమాదం లేదని మాత్రం నీతో అనను. ఒకసారి అబద్ధం చెప్పాను, చాలు.

నాయనా, నువ్వు నడక మానేశావట. తమ్ముడు చెప్పాడు. స్టెంట్ వేసినప్పుడు డాక్టరు రోజుకు అరగంట నడవమన్నాడా లేదా? కాలనీ గ్రౌండ్ దగ్గరే కదా. మోకాలు నొప్పి అంటే మెల్లగా నడువు, మాట్లాడుతూ నడవగలిగేంత. నా సైకిలూ అంతే. పొద్దున మీకు ఆరున్నర అయితే నాకు రాత్రి మూడు, అప్పుడు చెయ్యలేను. సాయంత్రం ఆరుకు నడువు, నాకు మధ్యాహ్నం రెండున్నర, ఆ అరగంట ఫోన్‌లో నీతోనే ఉంటాను. మంగళవారం నుంచి మొదలుపెడదాం.

పాపా నేనూ జూలైలో వస్తాం, మూడు వారాలు. అప్పటికి శ్రీనివాసపురం మామిడికాయలు ఇంకా ఉంటాయా? ఆవకాయ మాత్రం మేం వచ్చేదాకా ఆపొద్దు, కాయ ముదిరిపోతుంది.

నా పందెం మే రెండో ఆదివారం. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు, మీకు నాలుగున్నర. హెల్మెట్ తీసిన వెంటనే ఫోన్ చేస్తాను. అయిదున్నర దాటినా రాకపోతే మీ అల్లుడికి చెయ్యండి. అతను ట్రాకు పక్కనే ఉంటాడు. వేయించుకున్న ఒట్టు తీసేశాను. ఏం జరిగినా ఉన్నదున్నట్టు చెప్తాడు.

మీ పెద్దమ్మాయి