ట్రాన్స్ రచయితల క్రైమ్ నవలలు ఇంకా ఎందుకు రాలేదంటే

మన అద్దె పుస్తకాల షాపు మెంబర్లకి,

ట్రాన్స్‌జెండర్ రచయితలు రాసిన క్రైమ్ థ్రిల్లర్లు వస్తున్నాయని బోర్డు పెట్టాం. నెల్లూరు ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో పడి వచ్చి అడిగి వెళ్తున్నారు, కావలి నుంచి ఫోన్లు చేస్తున్నారు. జరిగింది చెప్తాను.

పార్సిల్ వచ్చింది. విప్పితే అన్నీ దొంగ ప్రింట్లు. అట్ట మీద బొమ్మ అలికేసినట్టుంది. కాగితం ఎంత పల్చనంటే వెనక పేజీ అక్షరాలు ముందుకి కనపడుతున్నాయి. లోపలి మార్జిన్ కోసేశారు, గట్టిగా విప్పితే తప్ప లైను చివరి మాట అందదు. అలా విప్పితే జిగురు వదిలి పేజీలు చేతికొస్తాయి. డీలర్‌ని నిలదీస్తే, "అద్దెకిచ్చేవాటికి ఒరిజినల్స్ ఎందుకండీ, కథ ఒకటేగా" అన్నాడు. ఏళ్ల తరబడి సరుకు తీసుకున్న మనిషి నోట ఆ మాట విని నాకు తల కొట్టేసినట్టయింది.

వీటినే అద్దెకిచ్చేద్దామా వద్దా అని చాలా కొట్టుమిట్టాడాను. అడ్వాన్సు అతని దగ్గరే ఉంది, చాలామంది తేడా కనిపెట్టరు కూడా. కానీ ఈ ర్యాకు పెట్టిందే ఆ బతుకు బతికినవాళ్లు రాసింది చదవాలని. దొంగ ప్రింటు మీద వాళ్లకి రూపాయి ముట్టదు. పార్సిల్ తిప్పి పంపేశాను.

1988లో వచ్చిన థామస్ హారిస్ క్రైమ్ నవల 'ద సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్' చూడండి. హంతకుడు నిజమైన ట్రాన్స్ మనిషి కాదని కథలోనే చెప్తారు. అయినా జనానికి గుర్తుండిపోయింది ఆడదాన్నవ్వాలని హత్యలు చేసేవాడే. ఆ నవల ర్యాకులోంచి తియ్యను. దాని పక్కన రాబిన్ గిగ్ల్ 2021లో రాసిన 'బై వే ఆఫ్ సారో' ఉండాలన్నదే నా పట్టుదల. ఆమె న్యూజెర్సీలో లాయరు, ట్రాన్స్ మహిళ. నవలలో వాదించే లాయరూ ట్రాన్స్ మహిళే, హత్య కేసులో ఇరుక్కున్న అమ్మాయీ అంతే. ముద్దాయి మీద ఏ పేరుతో కేసు కట్టారు, ఆడవాళ్ల జైలా మగవాళ్ల జైలా అన్నవి అందులో వకాల్తా పుచ్చుకున్న రోజు నుంచే తేల్చాల్సిన సంగతులు. బయటినుంచి రాసేవాళ్లు చాలామంది ఇవి వదిలేసి, చివరి అధ్యాయంలో విగ్గు ఊడదీసి అదే ట్విస్టు అంటారు.

ఈలోగా రేవతి ఆత్మకథకి పి. సత్యవతిగారి అనువాదం 'ఒక హిజ్రా ఆత్మకథ' షాపులో ఉంది, ఒరిజినల్ కాపీలే. ఈ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద బహుమతి వచ్చింది. క్రైమ్ నవల కాదు. కానీ పోలీసుల చేతిలో హిజ్రాలు పడే బాధ అందులో ఉన్నట్టు మన డిటెక్టివ్ నవలల్లో నాకెక్కడా కనపడలేదు. క్రైమ్ రాద్దామనుకునే కుర్రాళ్లు ముందు అది తీసుకెళ్లండి.

కొత్త ఆర్డరు వేరే డీలర్‌కి ఇచ్చాను. అమెరికా ఎడిషన్లు, రేటు ఎక్కువ, టైము పడుతుంది. డిపాజిట్ కొంచెం పెరుగుతుంది, అద్దె మాత్రం పెంచను. బుకింగ్ డబ్బు వెనక్కి కావాలంటే రసీదు తెండి, అప్పటికప్పుడే ఇస్తాను. ఆగుతామన్నవాళ్ల పేర్లు రాసుకున్న వరుసలోనే ఉంటాయి.